గండి పడినప్పుడు వర్తకుని ధర్మము

(యానాములో వర్తకులును పఠనమందిర సభ్యులును గూడిన సభలో చేయబడిన యుపన్యాసము)



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము పేరునకు క్రొత్తది. స్వభావమునకు మిక్కిలి ప్రాతది. ఒకరు మనయందలి నమ్మకముచే మన కప్పగించిన సొత్తు పరులపాలైనప్పుడు మనము చేయవలసిన దేమి యనునదియే యా విషయము. పూర్వ మా సొత్తు బంగారముగనో, ధాన్యముగనో, దస్తావేజుగనో యుండెడిది. నేడది పేరు, చిరునామా, ఫోను సంఖ్య, ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా, రోగి రక్తపరీక్షా ఫలితము, బడిపిల్ల పుట్టినతేది యను రూపములలో నున్నది. ఇనుపపెట్టెలో నుండెడి సొత్తు కంప్యూటరులోనికిని, అరచేతిలోని ఫోనులోనికిని వచ్చినది. సొత్తు రూపు మారినది గాని దానిని కాపాడువాని బాధ్యత మారలేదు.

గౌతమీతీరమున నివసించు మీకు గట్టు అనగా నేమో, గండి యనగా నేమో వేఱుగా చెప్ప నక్కఱలేదు. ధవళేశ్వరమువద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరిక. 13 లక్షలకు రెండవది. 17 లక్షలకు మూడవది. 1986 ఆగస్టులో ఆ ప్రవాహము 35 లక్షలను దాటినది. 2022 జూలైలో యానాము వీథులు మరల నీట మునిగినవి. వరదను ఆపుట యెవరి తరమును కాదు. అయినను పైనున్నవారు వేళకు కబురంపిన యెడల క్రిందనున్నవారు పిల్లలను, పశువులను మెరకకు చేర్చుకొందురు. ఆ కబురు దాచినవాడు నీటికంటె నెక్కువ హాని చేసినవాడగును. సమాచారపు గట్టునకు గండి పడినప్పుడును ధర్మ మిదియే. నేడు నేను చెప్పబోవునదంతయు నీ యొక్క మాటకు వ్యాఖ్యానము మాత్రమే.

మన ధర్మశాస్త్రములు ఈ విషయమును ఎఱుగనివి కావు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము వెనుకనే నిక్షేపము చెప్పబడినది. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనిగించి ‘విజ్ఞానేశ్వరీయము’గా మన కిచ్చెను. దాచుమని యిచ్చిన సొత్తును తన స్వలాభమునకు వాడుకొనినవాడు దండార్హుడని ఆ స్మృతి చెప్పుచున్నది. అయితే రాజువలనగాని, దైవవశమునగాని, దొంగలచేగాని అది పోయినచో దాచినవానిపై బాధ్యత లేదని కూడ చెప్పుచున్నది. మొదటి నియమమును నేటి చట్టము యథాతథముగా నిలుపుకొన్నది: ఒక పనికని తీసికొన్న సమాచారమును వేఱొక పనికి వాడరాదు. రెండవదానిని మాత్ర మది తలక్రిందులు చేసినది. ‘దొంగ వచ్చినాడు, నేనేమి చేయుదును’ అన్న వాని నిప్పటి చట్టము విడిచిపెట్టదు. తలుపునకు గడియ వేసితివా, తాళపుచెవి ఎవరి చేతికిచ్చితివి, దొంగ వచ్చినట్లు తెలిసిన వెంటనే ఎవరికి చెప్పితివి అని అది ప్రశ్నించును.

ఇక చట్టము మాట. 2017 ఆగస్టు 24వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానమునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు, న్యాయమూర్తి పుట్టస్వామిగారి వ్యాజ్యెమున, వ్యక్తి గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమికహక్కులలోని దని యేకగ్రీవముగ తీర్పు చెప్పిరి. దాని తరువాత ఆరేండ్లకు, 2023 ఆగస్టు 11వ తేదీన, డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించినది. ఆ చట్టపు నియమావళి 2025 నవంబరులో ప్రకటింపబడినది. వ్యాపారుల ముఖ్యవిధు లన్నియు ఆ ప్రకటననుండి 18 నెలలకు, అనగా 2027 మే నెలలో, అమలులోనికి వచ్చునట్లు అందు గడువీయబడినది. గడువనగా నిద్రించుటకిచ్చిన సెలవు కాదు. గట్టు కట్టుకొనుట కిచ్చిన వేసవి.

ఈ చట్టము ఇతరుల సమాచారమును తన పనికొఱకు కూర్చి యుంచుకొనువానిని డేటా ఫిడ్యూషియరీ యని పిలుచుచున్నది. ఫిడ్యూషియరీ యనగా నమ్మకముపై నియుక్తుడైనవాడు; మన మాటలో ధర్మకర్త. దేవాలయపు మాన్యములకు ధర్మకర్త యెట్టివాడో, ఖాతాదారుల వివరములకు వర్తకు డట్టివాడు. ధర్మకర్త సొమ్మునకు యజమానుడు కాడు.

ఈ ధర్మకర్తకు గండి విషయమున మూడు విధులు గలవు. మొదటిది, తగిన రక్షణ లేర్పఱచుట. దీనిని నిర్లక్ష్యము చేసినచో 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా. రెండవది, గండి పడినదని తెలిసినతోడనే భారత డేటా సంరక్షణ మండలికి తెలుపుట. వెంటనే కొంత, 72 గంటలలోపల సమగ్రముగ. ఎట్లు జరిగినది, ఎందుచే జరిగినది, నష్టము తగ్గించుట కేమి చేసితిమి, మరల జరుగకుండ నేమి చేయుదుము, బాధితులకు కబురందినదా యనునవి యా నివేదికలో నుండవలయును. మూడవది, ఎవరి వివరములు పోయినవో వారిలో ప్రతి యొక్కరికిని ఆలస్యము లేక స్పష్టమైన మాటలలో తెలుపుట: ఏమి పోయినది, దానివలన వారి కేమి కీడు రావచ్చును, తమ్ము తాము కాపాడుకొనుట కేమి చేయవలయును, సందేహము వచ్చినచో ఎవరి నడుగవలయును. ఈ రెండు కబురులను పంపనివానికి 200 కోట్ల వఱకు జరిమానా.

ఇవిగాక, సమాచార సాంకేతిక చట్టము క్రింద సెర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ 2022 ఏప్రిల్ 28వ తేదీన ఆజ్ఞ లిచ్చినది. కంప్యూటరులపై దాడి జరిగినదని తెలిసిన 6 గంటలలో ఆ సంస్థకు తెలుపవలయును. ఎవరు ఎప్పుడు కంప్యూటరులో ప్రవేశించిరో చూపు చిట్టాలను 180 దినములు భద్రపఱచవలయును. క్రొత్త నియమావళి యీ చిట్టాలనే ఏడాదిపాటు ఉంచుమనుచున్నది. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినవని మనలో నొక సామెత యున్నది. ఆ యారునెలలను చట్టము ఆరు గంటలు చేసినది.

గండి యన్న పదమునకు చట్టమిచ్చిన అర్థము కడు విశాలము. దొంగ కన్నము వేయుటయే గండి కాదు. గుమాస్తా పొరపాటున ఖాతాదారుల పట్టిక నన్యునకు వాట్సాపులో పంపినను గండియే. దుండగులు మన పద్దులకు తాళము వేసి డబ్బడుగుటచే మన పద్దులు మనకే అందకుండ పోయినను గండియే. ఫోను బస్సులో పోయి, దానిలో రెండువందల మంది ఆధారు చిత్రములున్నను గండియే. కాగితముపై వ్రాసిన చిట్టా యీ చట్టమునకు లోబడదు. దానిని ఫోనుతో చిత్రము తీసిన క్షణమున లోబడును. చట్టపు దృష్టిలో చిన్న గండి, పెద్ద గండి యను భేదము లేదు. కొన్ని చిన్న సంస్థలకు కొన్ని విధులనుండి మినహాయింపు నిచ్చు అధికారము ప్రభుత్వమునకు గలదు గాని, రక్షణ విధియు, కబురు చెప్పు విధియు నా మినహాయింపులో లేవు.

‘ఇదంతయు హైదరాబాదు కంపెనీల గొడవ, మా చిన్న యానామునకేల?’ అని మీలో కొందఱు తలంపవచ్చును. యానాము చరిత్ర నెఱిగినవారు ఈ ప్రశ్నలోని ప్రాతవాసన గుర్తింతురు. 1930 ఏప్రిలునుండి బాల్యవివాహ నిషేధమైన శారదాచట్టము ఆంగ్లేయుల సీమలో నమలులోనికి రాగా, ఎల్ల దాటి ఫ్రెంచి యానాములో పెండ్లిండ్లు చేసికొనుటకు బండ్లు కట్టుకొని వచ్చినవా రెందఱో. ఊరికి కల్యాణపురమని పేరు కూడ వచ్చినది. చట్టము తప్పెను గాని, పసిపిల్లల కష్టము తప్పలేదు. 1954 నవంబరు 1వ తేదీన ఫ్రెంచివారి పాలన ముగిసిన తరువాత ఆ యెల్ల లేదు. యానాము పుదుచ్చేరిలోనిదైనను, చుట్టునున్న కాకినాడ, కోనసీమ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోనివైనను, ఈ చట్టము కేంద్రచట్టము, అన్నింటికి నొక్కటియే. ఎల్ల దాటి పోవుటకు ఫ్రాన్సులోనైన తావు లేదు. ఆ దేశము 1978 జనవరి 6వ తేదీననే ఇట్టి చట్టము చేసికొన్నది. 2018 మే 25వ తేదీనుండి ఐరోపా కూటమి యంతట అమలులోనున్న శాసనము గూడ 72 గంటల గడువునే విధించుచున్నది.

యానాములో నెవరికి వర్తించునని యడుగుదురా? బస చేయువారి ఆధారు చిత్రములు తీసికొను లాడ్జీవారికి. రైతుల బ్యాంకు ఖాతాలు వ్రాసికొను రొయ్యల వర్తకునకు. కుదువ పెట్టినవారి వివరములు కంప్యూటరు కెక్కించు బంగారపు దుకాణమునకు. రోగుల ఫలితములు ఫోనులో పంపు పరీక్షాకేంద్రమునకు. పిల్లల పేర్లు, తండ్రుల ఫోనులు గల ట్యూషను కేంద్రమునకు. చీటీలు నడుపు సంస్థకు. చిన్నవారిని దొంగ విడిచిపెట్టడు. చిన్నవారి గోడ ఎత్తు తక్కువ యని వానికి తెలియును.

తెలుగుదేశమున జరిగినవానినే రెండు చూడుడు. హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ మహేష్ సహకార పట్టణ బ్యాంకు ఉద్యోగులకు 2021 నవంబరులో మోసపు ఈమెయిళ్లు వచ్చినవి. ఎవరో తెఱచిరి. రెండు నెలలు దొంగలు లోపల మసలిరి. 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైబడి సొమ్ము దేశమందలి నానాఖాతాలకు తరలిపోయినది. తరువాత రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల జరిమానా విధించినది. పోయినది బ్యాంకు బాధ, కట్టినదియు బ్యాంకే. ఇక్కడ కన్నము సొమ్ముకు పడినది గాని, త్రోవ మాత్రము సమాచారపు గండిదే: ఒక ఉత్తరము, ఒక తెఱచిన తలుపు, రెండు నెలలు ఎవ్వరును చూడని చిట్టా.

రెండవది, డాక్టర్ రెడ్డీస్ మందుల సంస్థ. 2020 అక్టోబరులో రష్యా టీకా పరీక్షలకు అనుమతి పొందిన కొలది దినములకే దాని కంప్యూటరులపై దాడి జరిగినది. అక్టోబరు 22వ తేదీన ఆ సంస్థ తన డేటా కేంద్రముల సేవలన్నిటిని తక్కినవానినుండి విడదీసి, ఆ దినముననే షేరు మార్కెట్లకు ఆ సంగతి తెలిపినది. సంస్థ కూలిపోలేదు, పరపతి మాయలేదు. చెప్పుటవలన మునుగుదుమని భయపడువారికి ఇది యుత్తరము.

ఆ భయమే మన వర్తకులలో నసలు రోగము. పైకి పొక్కినచో పరపతి పోవునని, తెలిసినవారిచే గుట్టుగ బాగుచేయించుకొందమని, దుండగుడడిగిన డబ్బు పడవేసి ఊరకుందమని తోచుట సహజము. కాని యోచింపుడు. దొంగకు డబ్బిచ్చినను వాడు తీసికొన్న నకలును తిరిగి యిచ్చునా? పోయిన ఆధారు సంఖ్యలు ఊరక యుండునా? రేపు మీ ఖాతాదారుడైన రైతునకు ఫోను వచ్చును. తన పేరు, తాను మీకు తోలిన సరకు, తన ఖాతా సంఖ్య తెలిసినవాడు మాటలాడుచున్నాడు గనుక అతడు నమ్మి ఓటీపీ చెప్పును. పంట డబ్బు పోవును. మీరొక్క మాట ముందు చెప్పియుండినచో అతడు ఫోను పెట్టివేసెడివాడు. కావున గుట్టు మీ పరపతిని కాపాడునది కాదు; మీ నష్టమును మీ రైతు నెత్తిన వేయునది. గండి పడుట దౌర్భాగ్యము కావచ్చును. దాచుట మాత్రము నేరమే. జరిమానా నిర్ణయించునప్పుడు మండలి తప్పు తీవ్రతనేగాక, నష్టము తగ్గించుటకు ఆ సంస్థ యెంత వేగముగ పనిచేసినదో కూడ చూడవలయునని చట్టమే చెప్పుచున్నది. వేళకు చెప్పినవాని కది యొక కవచము.

ఇక సంసిద్ధత. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వరాదు. చిన్న వర్తకుడు చేసికొనవలసిన పనులలో ననేకము డబ్బుతో పనిలేనివి.

అక్కఱలేనిది తీసికొనకుడు. లేని సొత్తును దొంగ యెత్తుకొనిపోజాలడు. ఆధారు సంఖ్యలో చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు కార్డు చాలునన్నచోట పూర్తికార్డు అడుగకుడు. పని తీరిన వెనుక చెఱిపివేయుడు; చట్టముచే ఉంచవలసినదానిని మాత్ర ముంచుడు.

తాళపుచెవులు లెక్కపెట్టుడు. దుకాణములోని ప్రతివానికి నొకటే పాస్‌వర్డు ఇచ్చుట పదిమందికి నొకే తాళపుచెవి యిచ్చి తరువాత దొంగ ఎవరని వెదకుట వంటిది. పని మానిపోయిన గుమాస్తా ప్రవేశమును ఆ దినముననే మూయుడు.

పద్దుల నకలు వేఱొకచోట, కంప్యూటరునుండి విడదీసి, ఉంచుడు. నెలకొకమారు ఆ నకలు తెఱచుకొనునో లేదో చూడుడు. గట్టుమీద నిసుక బస్తాలు వరదకు ముందే పేర్చి యుండవలయును గదా.

పద్దులు వ్రాయుటకు పరుల కప్పగించినను బాధ్యత మీదే. లెక్కల కంపెనీ తప్పుచే గండి పడినను ఖాతాదారునకు, మండలికి జవాబు చెప్పవలసినవారు మీరు. కావున వారితో చేసికొను ఒప్పందమునందు రక్షణయు, తక్షణపు కబురును షరతులుగ వ్రాయించుకొనుడు.

అన్నింటికంటె ముఖ్యమైనది ఒక కాగితము. దానిపై గండి పడిన గంటలో ఎవరు ఏమి చేయవలయునో వ్రాసి, గోడకు తగిలింపుడు. తీగె నూడదీయువా డెవడు. చిట్టాలు చెఱిగిపోకుండ కాపాడువా డెవడు. సెర్ట్-ఇన్‌కు, మండలికి వ్రాయువా డెవడు. సొమ్ము పోయినచో బ్యాంకునకును, 1930 అను జాతీయ సంఖ్యకును వెంటనే ఫోను చేయువా డెవడు. ఖాతాదారులకు కబురంపువా డెవడు. ఆ కబురు మచ్చును నేడే తెలుగులో వ్రాసి యుంచుకొనుడు. సమ్మతి కోరు ప్రకటనను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొను వీలు ఖాతాదారునకు చట్టమిచ్చినది, అందు తెలుగొకటి. గండి కబురు స్పష్టముగ నుండవలయునని నియమావళి చెప్పుచున్నది. తెలుగు రైతునకు ఆంగ్లములో వ్రాసిన హెచ్చరిక స్పష్టమగునా? చెవిటివాని ముందు శంఖమూదినట్లగును. ఏటి కొకమారు, వరదల కాలమునకు ముందు, ఆ కాగితము చేతబట్టి గుమాస్తాలతో అభ్యాసము చేయుడు.

వర్తకులకు చెప్పితిని, ఇక ప్రభుత్వమునకును ఒక మాట చెప్పక తీరదు. 2018 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1 లక్షా 30 వేలకు పైబడిన లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, వారి కులమతములతో సహా, అడిగినవా రెల్లరకు కనబడుచున్నట్లు శ్రీనివాస్ కొడాలి యను పరిశోధకుడు బయటపెట్టెను. 2024లో తెలంగాణ పోలీసువారి ‘హాక్ ఐ’ యాప్‌లోని వివరములే దొంగలపాలైనవి. ఇల్లు కోరి చేయిచాచిన బీదవానికి తన వివరముల నీయననుటకు స్వేచ్ఛ యెక్కడిది? లాడ్జీని మార్చుకొనవచ్చును గాని ప్రభుత్వమును మార్చుకొని ఇల్లు పొందజాలము. ఇట్లుండగా, దేశభద్రతాదుల పేర తాను ప్రకటించిన ప్రభుత్వసంస్థలను ఈ చట్టమునుండియే తప్పించు నధికారమును కేంద్రము తనయొద్ద నుంచుకొన్నది. ఆ యధికారమును ఎంత తక్కువగ వాడిన నంత మేలు.

ఇంకొక లోపమును గలదు. మండలి విధించు జరిమానా యంతయు భారత సంచితనిధికి పోవును. గండిలో మునిగినవానికి దానినుండి దమ్మిడీ రాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములో నిర్లక్ష్యముచే హాని చేసిన సంస్థ బాధితునకు పరిహార మీయవలయునను 43-ఎ సెక్షను ఉండెను. దానిని తొలగించుటకు 2023 నాటి చట్టమే యేర్పాటు చేసినది. గట్టు కాపరికి దండన విధించి, కొంప మునిగినవానిని మఱచిన న్యాయము సగము న్యాయమే. మన ప్రతినిధులు పార్లమెంటులో నీ ప్రశ్న నడుగవలయును; మనము వారిచే నడిగింపవలయును.

అంతవఱకు నా మిగిలిన సగమును మన వర్తకధర్మమే పూరింపవలయును. ఇందు వర్తకునకు నష్టములేదు. గోదావరి యొడ్డున తరతరములుగ పరపతి యనునది నోటిమాటపై నిలిచినది. ‘నీ వివరములు నాయొద్ద పోయినవి, నీవు జాగ్రత్తపడుము, నేను చేయవలసినది చేయుచున్నాను’ అని తానై వచ్చి చెప్పిన వర్తకుని తెలుగు రైతు విడిచిపోడు. దాచి, ఇతరులవలన తెలియనిచ్చినవాని గుమ్మము మరల త్రొక్కడు. కావున సోదరులారా, గడువు ముగియకముందే గట్టు చూచుకొనుడు, కాగితము వ్రాసికొనుడు, నకలు తీయుడు. ఇంత చేసినను గండి పడెనేని, ధవళేశ్వరమునుండి కబురు వచ్చినట్లు, మీ నుండియు వేళకు కబురు వచ్చునను నమ్మకమును మీ ఖాతాదారులకు కలిగింపుడు.